పరగడుపు మాట కోసం మూడంతస్తులు: ద్వారకానగర్‌లో ఒక జర్మన్ క్లాసు

ముందే చెప్పేస్తున్నాను, ఈ క్లాసు పేరు రాయడం లేదు. మేడం వద్దన్నారు. "ఉన్నవి పన్నెండు కుర్చీలు. నువ్వు పేరు రాస్తే ముప్పై మంది వస్తారు. వాళ్ళని గోడ మీద కూర్చోబెట్టనా?" అన్నారు. కాబట్టి ఆనవాళ్ళు మాత్రం ఇస్తాను. ఆర్టీసీ కాంప్లెక్సులో దిగి ద్వారకానగర్ వైపు ఏడు నిమిషాలు నడవాలి. కింద జిరాక్సు షాపు, దాని పైన బ్యాంకు పరీక్షల కోచింగు, ఆ పైన పళ్ళ డాక్టరు, ఆ పైన మనం. లిఫ్టు ఉంది. దాని తలుపుకి "రిపేరులో ఉన్నది" అని అంటించిన కాగితం కూడా పాతబడి పసుపురంగుకి తిరిగింది.

నేను స్టాఫ్ నర్సుని. తొమ్మిదేళ్ళుగా వార్డుల్లోనే ఉన్నాను. ఉండేది గాజువాక. మా ఆయనది స్టీల్ ప్లాంటులో కాంట్రాక్టు పని. జర్మనీలో నర్సులు కావాలంటున్నారని తెలిసినప్పటి నుంచి మా హాస్పిటల్లో సగం మంది చేతుల్లో జర్మన్ పుస్తకాలే. అక్కడ నర్సుగా గుర్తింపు రావాలంటే మామూలుగా బీ2 స్థాయి భాష అడుగుతారు. దాని కింద ఏ1, ఏ2, బీ1 అని మూడు మెట్లు. ఒక్కో మెట్టుకీ ఒక పరీక్ష, ఒక్కో పరీక్షకీ ఒక టెన్షను.

ఏ1 నేను నేర్చుకున్నది ఇంకోచోట. పేరు అనవసరం. 18,000 ఫీజు, మెటీరియల్ పేరుతో ఇంకో 1,500. ఆ మెటీరియల్ ఏమిటంటే జిరాక్సు కాగితాల కట్ట. జర్మన్ పరీక్షలు పెట్టే గోథే సంస్థ వాళ్ళ ఏ1 జాబితాలో సుమారు 650 మాటలుంటాయి. వాటికి పక్కన ఇంగ్లీషు అర్థం, దాని పక్కన తెలుగు అర్థం. రోజుకి ముప్పై మాటలు. పొద్దున్నే టెస్టు. తప్పు రాస్తే పదిసార్లు రాయాలి, ఇంపోజిషను! ముప్పై దాటిన నేను, నైట్ డ్యూటీ చేసి వచ్చి, బల్లకి జర్మన్ మాట "డెర్ టిష్, డెర్ టిష్" అని పదిసార్లు రాశాను. పరీక్షలో 80 దాటాయి, అబద్ధం చెప్పను. నెల తిరిగేసరికి ఆ మాటల్లో సగం ఎటుపోయాయో తెలీదు. అంతకంటే విచిత్రం ఇంకోటి. ఒకసారి సార్‌కి జ్వరమొచ్చి వారం రాలేదు. ఆ వారం రోజులూ మేం పద్నాలుగో పేజీ తెరవలేదు. కాగితాలు మా చేతిలోనే ఉన్నాయి, అర్థాలు పక్కనే ఉన్నాయి. అయినా సార్ చెబితేనే మాట వస్తుందన్నట్టు కూర్చున్నాం. అప్పుడు నవ్వుకున్నాను గానీ, ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

బీ1 జాబితాలో మాటలు సుమారు 2,400. రోజుకి ముప్పై చొప్పున ఎనభై రోజుల్లో అయిపోవాలి. లెక్క బాగానే ఉంది, నిలవ ఉండాలి కదా.

ఈ మేడం దగ్గరికి నన్ను పంపింది నాతో పనిచేసే సిస్టరే. మేడం పెళ్ళయ్యాక పన్నెండేళ్ళు జర్మనీలో ఉండి వచ్చారు. ఏ2, బీ1 కలిపి ఆరు నెలలు, 26,000, రెండు వాయిదాలు. పొద్దున ఆరున్నర బ్యాచి, సాయంత్రం ఆరింటి బ్యాచి. నాలాంటి షిఫ్టుల వాళ్ళు ఏ పూట వీలైతే ఆ పూట కూర్చోవచ్చు. ఈ ఒక్క సౌకర్యానికే నేను వెయ్యి ఎక్కువిచ్చేదాన్ని, ఆవిడ అడగలేదు గానీ.

మొదటిరోజు ఆవిడ పుస్తకం తెరవలేదు. "ఈ వారంలో మీకు ఏ మాట అవసరమైంది?" అని అడిగారు. పన్నెండు మందిమీ ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. అవసరమేమిటి, ఆవిడ చెప్పాలి, మనం రాసుకోవాలి, అదే కదా పద్ధతి! తలా ఒక పది రూపాయల పాకెట్ పుస్తకం చేతిలో పెట్టి, శనివారానికి ఎవరికి వాళ్ళు ఏడు మాటలు తెమ్మన్నారు. ఎక్కడినుంచి తెస్తారో మీ ఇష్టం, కానీ ఒక్కో మాటకీ ఎందుకు తెచ్చారో చెప్పాలి.

ఇక్కడ నాకు ఒళ్ళు మండింది. డబ్బు కట్టింది నేను, మాటలు వెతుక్కునేది కూడా నేనేనా? ఇంటికెళ్ళి మా ఆయనతో అన్నాను కూడా. "హోటల్‌కి వెళ్తే కూరగాయలు నువ్వే తెచ్చుకో అన్నట్టుంది" అన్నారు ఆయన. రెండు వారాల పాటు నా అభిప్రాయమూ అదే.

మొదటి శనివారం నేను తెచ్చిన ఏడు మాటల్లో ఒకటి న్యూష్టర్న్. పాత క్లాసులో "మెడికల్ జర్మన్" అని ఇచ్చిన కాగితంలో దాని పక్కన ఇంగ్లీషులో సోబర్ అని, తెలుగులో "మత్తులో లేని" అని ఉంది. నేనూ అదే చెప్పాను. మేడం ఏమీ అనకుండా బోర్డు మీద ఒక వాక్యం రాశారు. ఆ వాక్యంలో నాకు తెలిసిన మాటలు నాలుగు: రేపు, పొద్దున, రక్తం, రండి. మధ్యలో ఈ న్యూష్టర్న్. "నువ్వు నర్సువి కదా. రేపు పొద్దున రక్తపరీక్షకి వచ్చేవాళ్ళకి నువ్వేం చెప్తావు?" అన్నారు. నేను ఆలోచించకుండా "పరగడుపున రమ్మంటాను" అన్నాను. అనేసి ఆగిపోయాను. తాగకుండా రమ్మని కాదు, ఏమీ తినకుండా రమ్మని! ఆ రెండర్థాలూ ఆ మాటకున్నాయి. ఇంగ్లీషులో అయితే ఫాస్టింగ్ అనాలి, లేదా ఖాళీ కడుపుతో అని మూడు నాలుగు మాటలు పేర్చాలి. మనకి ఒక్క మాట, వాళ్ళకి ఒక్క మాట. మధ్యలో ఇంగ్లీషు దూరి రోగిని తాగుబోతుని చేసింది.

ఆ మాట నేను ఈ జన్మకి మర్చిపోను. ఎవరూ అర్థం చెప్పలేదు, నేనే కనుక్కున్నాను. కూరగాయలు నేను తెచ్చుకోవడం మీద ఉన్న కోపం ఆ రోజుతో కాస్త తగ్గింది.

ఊహించడానికి కూడా ఆవిడ ఒక వరస పెట్టారు. తెలియని మాట కనబడగానే నిఘంటువు తీయకూడదు. ముందు అది పేరా, పనా, గుణమా చూడాలి. తర్వాత పక్కన ఉన్న మాటలు. తర్వాత ముందు వాక్యం, వెనక వాక్యం. అప్పుడు ఒక ఊహ రాసుకోవాలి, పెన్సిలుతోనే. ఆ తర్వాత మాత్రమే మాటని విరిచి చూడాలి. ఆఖర్న నిఘంటువు. విరవడం చివరికెందుకు, అదే సులువు కదా అని నేను వాదించాను. జర్మన్ అంటేనే విరుపు భాష. హాండ్ అంటే చెయ్యి, షూ అంటే జోడు, హాండ్‌షూ అంటే గ్లవుజులు. క్రాంక్ అంటే జబ్బు, హౌస్ అంటే ఇల్లు, క్రాంకెన్‌హౌస్ అంటే ఆసుపత్రి. అదే జబ్బుకి బండి తగిలిస్తే అంబులెన్సు. ఇంత సులువుగా ఉంటే ముందే విరిస్తే ఏం?

ఏమవుతుందో మరుసటి వారమే తెలిసింది. నర్సు, రోగి మాట్లాడుకునే సంభాషణ ఒకటి ఇచ్చారు. అందులో నర్సు అడుగుతుంది: ఈరోజు మీకు ష్టూల్‌గాంగ్ అయిందా? ష్టూల్ అంటే కుర్చీ, మొదటి పాఠంలోనే వస్తుంది. గాంగ్ అంటే నడక. నేను ధైర్యంగా "మంచం దిగి కుర్చీ దాకా నడిచారా అని అడుగుతోంది, ఆపరేషన్ అయిన పేషంటు" అన్నాను. మా ఆర్థో వార్డులో రోజూ అడిగే ప్రశ్నే అది. మేడం పొట్ట పట్టుకుని నవ్వారు. ముందు వాక్యంలో కడుపునొప్పి ఉంది, వెనక వాక్యంలో విరేచనాల మందు ఉంది. నేను రెండూ చూడలేదు. అది విరేచనం అయిందా అని అడగడం.

అప్పుడు మా మామ్మగారు ఒక మాట అన్నారు. మామ్మగారంటే మా బ్యాచిలో పెద్దావిడ, అరవై ఏడేళ్ళు, ఎంవీపీ కాలనీ నుంచి ఆటోలో వస్తారు. తెలుగు టీచరుగా రిటైరయ్యారు. కొడుకు మ్యూనిక్‌లో, మనవడు తెలుగు కంటే జర్మన్ ఎక్కువ మాట్లాడుతున్నాడని ఈ వయసులో మొదలుపెట్టారు. "నవ్వుతారెందుకర్రా, మనం దొడ్డికెళ్ళడం అనట్లేదూ? దొడ్డికి వెళ్ళి ఏం చేస్తామో ఆ మాటలో ఉందా? వాళ్ళు కుర్చీకి వెళ్తున్నారు, మనం పెరట్లోకి వెళ్తున్నాం" అన్నారు. క్లాసంతా ఐదు నిమిషాలు ఆగిపోయింది.

ఈ క్లాసుకి నేను ఇచ్చే మార్కుల్లో కొన్ని నిజానికి మామ్మగారివే. మేడం ముక్కుకి, బొడ్డుకి, గోటికి జర్మన్ మాటలు చెబుతుంటే, నాజె, నాబెల్, నాగెల్, ఆవిడ పక్కనుంచి "నాసిక, నాభి, నఖం" అని జత కలుపుకుపోయారు. మోకాలికి క్నీ అంటే జాను అన్నారు. సంస్కృతానికీ జర్మన్‌కీ మూలం ఒకటే కాబట్టి ఇవి నిజంగానే చుట్టాలు, ఊరికే ప్రాస కాదు. తెలుగు ఆ కుటుంబం కాకపోయినా సంస్కృతం నుంచి మనం అరువు తెచ్చుకున్న మాటలు ఇక్కడ పనికొచ్చాయి. లింగాల గొడవ కూడా ఆవిడే తేల్చారు. జర్మన్‌లో అమ్మాయికి వాడే మేడ్‌షెన్ నపుంసకలింగం. ఇదేం అన్యాయం అని బ్యాచిలో కుర్రాళ్ళు తెగ ఆశ్చర్యపోతుంటే, "అమ్మాయి వచ్చింది, బస్సు వచ్చింది. మీరు పుట్టినప్పటి నుంచీ ఒకే క్రియ వాడుతున్నారు, ఎప్పుడైనా ఆశ్చర్యపోయారా?" అని అడిగారు.

అయితే చుట్టరికాలన్నీ నమ్మొద్దని మేడం హెచ్చరిక. జర్మన్‌లో గిఫ్ట్ అంటే విషం. నర్సు ఈ మాట తప్పుగా అర్థం చేసుకుంటే ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. ఇంగ్లీషు బికమ్‌లా వినిపించే బెకోమెన్‌కి అర్థం పొందడం, అవడం కాదు. ఇలాంటివాటికి పాకెట్ పుస్తకంలో వెనకనుంచి ఒక పేజీ పెట్టుకున్నాం. దానికి మామ్మగారు పెట్టిన పేరు "మారువేషాలు".

సరే, మాట దొరికింది. అది నిలవాలంటే? ఇక్కడే మేడం దగ్గర నేను నేర్చుకున్న పెద్ద పని ఉంది. 1885లోనే హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ అనే జర్మన్ తనమీద తానే ప్రయోగాలు చేసుకుని, నేర్చుకున్నది మొదట్లో చాలా వేగంగా జారిపోతుందనీ తర్వాత ఆ వేగం తగ్గుతుందనీ చూపించాడట. 1972లో సెబాస్టియన్ లైట్నర్ అనే ఆయన జర్మన్‌లోనే ఒక పుస్తకం రాసి, అట్టముక్కలూ ఒక పెట్టె చాలు అన్నాడట. పెట్టెలో ఐదు అరలు. కొత్త మాట మొదటి అరలో. సరిగ్గా చెబితే ముందు అరకి, తప్పితే ఎక్కడున్నా సరే మళ్ళీ మొదటి అరకి. మేడం లెక్క ప్రకారం మొదటి అర రోజూ, రెండోది మూడు రోజులకోసారి, మూడోది వారానికి, నాలుగోది పదిహేను రోజులకి, ఐదోది నెలకి. రానిదాన్ని రోజూ పలకరిస్తాం, వచ్చినదాన్ని అప్పుడప్పుడు. పెళ్ళయిన ఆడపిల్లని చూసినట్టు అని మా అత్తయ్య వ్యాఖ్యానం.

పెట్టె కొనక్కర్లేదు. నాది పూతరేకుల డబ్బా. అట్టముక్కలకి పాత శుభలేఖలు కత్తిరించాను, వెనక తెల్లగా ఉంటాయి, గట్టిగానూ ఉంటాయి. వినాయకుడి బొమ్మ ఉన్న ముక్కలు మాత్రం మా అత్తయ్య పక్కకి తీయించారు, "ఆయన మీద విరేచనాల మాటలేమిటి" అని. న్యాయమే.

ముక్క మీద ఏం రాయాలన్నది అసలు సంగతి. మాట ఒక పక్క, అర్థం ఒక పక్క రాస్తే మేడం చించేస్తారు, నిజంగానే. ఒక పక్క నా జీవితంలోంచి ఒక వాక్యం, మాట ఉన్నచోట ఖాళీ. రెండో పక్క ఆ మాట, దాని ముందు లింగాన్ని చెప్పే డెర్, డీ, డాస్‌లలో ఏది వస్తుందో అది. పుంలింగానికి నీలం సిరా, స్త్రీలింగానికి ఎరుపు, నపుంసకానికి ఆకుపచ్చ. ఉంగ్, హైట్, కైట్ అని ముగిసేవి దాదాపు అన్నీ ఎరుపే కాబట్టి వాటితో బాధ లేదు. ఉదాహరణకి అబ్‌నేమెన్ అనే క్రియ. బరువు తగ్గడం అదే, రోగి దగ్గర రక్తం తీయడమూ అదే. ముందున్న అబ్ తీసి ఐన్ పెడితే మందు వేసుకోవడం, త్సూ పెడితే బరువు పెరగడం, ఔఫ్ పెడితే ఆసుపత్రిలో చేర్చుకోవడం. పైగా వాక్యంలో ఆ ముందు ముక్క విడిపోయి చివరికి పోయి కూర్చుంటుంది. వీటికి అర్థాలు బట్టీపడితే నాలుగూ కలిసి ముద్దయిపోతాయి. నేను నాలుగు ముక్కల మీదా ఒకే పేషంటుని పెట్టాను. చేర్చుకున్నాం, రక్తం తీశాం, మందు వేసుకున్నాడు, బరువు పెరిగాడు. అతను డిశ్చార్జి అయ్యేసరికి నాలుగు క్రియలూ వచ్చేశాయి.

రెండో నెలలో పెట్టె మోయలేక ఫోన్‌లో అంకీ యాప్‌కి మారాను. డేమియన్ ఎల్మ్స్ 2006లో మొదలుపెట్టినది, జపనీస్‌లో అంకీ అంటే కంఠస్థం చేయడమట. ఆండ్రాయిడ్‌లో ఉచితం. ఏ ముక్క ఎప్పుడు చూపించాలో అదే లెక్కేస్తుంది. అక్కడ నేను చేసిన తెలివితక్కువ పని చెబుతాను, మీరు చేయకండి. ఎవరో తయారుచేసి పెట్టిన నాలుగు వేల మాటల కట్ట దింపుకున్నాను. రెండు నైట్ డ్యూటీలు పడేసరికి చూడాల్సిన ముక్కలు ఆరొందలు పేరుకున్నాయి. యాప్ తప్పేం లేదు. అవి నా మాటలు కావు, అంతే. జిరాక్సు కట్ట మళ్ళీ ఫోన్‌లోకి వచ్చింది. తీసేసి, నావి 400 ముక్కలు నేనే కొట్టుకున్నాను. ఇప్పుడవి 1,300 అయ్యాయి. రోజుకి ఇరవై నిమిషాలు, గాజువాక బస్సులో సరిపోతుంది.

బస్సు అంటే గుర్తొచ్చింది. బస్సు కిటికీలోంచి కనబడేవాటిలో జర్మన్‌లో తెలియనివి ఐదు తెలుగులో రాసుకుని, ఇంటికొచ్చి వెతకడం ఇంకో పని. చదివేటప్పుడు ఎదురయ్యే మాటలు వేరు, మనం మాట్లాడాలనుకుంటే దొరకని మాటలు వేరు. రెండోవి మనకెవరూ జాబితా వేసి ఇవ్వలేరు. షీలానగర్ దగ్గర కంటైనరు లారీలు, ఎన్.ఏ.డి. దగ్గర ఫ్లైఓవరు, కంచరపాలెంలో ఇస్త్రీబండి. ఇస్త్రీబండికి జర్మన్ మాట ఇంకా దొరకలేదు. ఆ దేశంలో ఇస్త్రీబండి ఉంటేగా!

ఒక ఆదివారం ఇదే పని ఆర్కే బీచ్‌లో చేశాం. కురుసుర జలాంతర్గామి ముందు నిలబెట్టి మేడం అడిగారు, దీన్ని విరవండి అని. జర్మన్ మాట ఊ-బోట్, అంటే ఉంటర్‌జే-బోట్, సముద్రం కింది పడవ. మనది జలాంతర్గామి, నీటి లోపల వెళ్ళేది. 1969లో నేవీలో చేరి 2001లో రిటైరై మరుసటి ఏడాది మ్యూజియం అయిన ఆ నౌకని చిన్నప్పటి నుంచి ఎన్నోసార్లు చూశాను. దాని తెలుగు పేరుని విరిచి చూడాలని మాత్రం ఆ రోజు దాకా తట్టలేదు. ఎదురుగా టీయూ-142 విమానం, ఫ్లూగ్‌త్సొయిక్, ఎగిరే సరంజామా. తిరిగొచ్చేటప్పుడు మొక్కజొన్న పొత్తులు మేడమే కొనిపెట్టారు.

ఆవిడ ఇవన్నీ ఒక లెక్కతో చేశారని నాకు నాలుగో నెలలో గానీ అర్థం కాలేదు. మొదటి నెల వారానికి పాతిక మాటలు ఆవిడే ఇచ్చేవారు, ఏడు మావి. రెండో నెల సగం సగం. మూడో నెల నుంచి ఆవిడవి ఒక్కటీ లేవు. గోడకి కట్టిన క్యాలెండరులో పాల పద్దు లాగా గీతలు మాత్రం పెట్టించేవారు. ఎన్ని మాటలు వచ్చాయని కాదు, ఆ రోజు పెట్టె తెరిచావా లేదా అని. అడిగితే చెప్పారు, న్యూజిలాండ్‌లో పాల్ నేషన్ అని మాటలు నేర్చుకోవడం మీదే ఏళ్ళ తరబడి పనిచేసిన ప్రొఫెసరు ఉన్నారట. ఎవరి సాయమూ లేకుండా ఇంగ్లీషు నవలో పేపరో చదవాలంటే ఎనిమిది, తొమ్మిది వేల పదకుటుంబాలు (ఒక మాట, దాని రూపాలన్నీ కలిపి ఒక కుటుంబం) తెలిసుండాలని 2006లో ఆయన వేసిన అంచనా. "జర్మన్‌కి అంకె అటూఇటూ కావచ్చు. అన్ని మాటలు నేను ఏ క్లాసులో చెప్పగలను? అరుదుగా వచ్చే మాటల మీద క్లాసు టైము పెట్టకూడదు, వాటిని పట్టుకునే పద్ధతి మీద పెట్టాలి అంటాడాయన" అన్నారు. పట్టుకోవడంతో పాటు వదిలేయడం కూడా నేర్పారు. ఒక మాట మూడుసార్లు ఎదురుకాలేదు, నా పనిలోకి రాదు అనుకుంటే దాన్ని పోనివ్వొచ్చు. పరీక్షకి చదివేవాళ్ళకి ఇది చాలా కష్టం, నాకూ చాలా కష్టమైంది.

ఆ శనివారాల సంత చూడాలి. మామ్మగారి పుస్తకంలో మొదటి మాట బాగర్, అంటే మట్టి తవ్వే పొక్లెయినరు. రెండోది ఫాయర్‌వేర్‌ఔటో, ఫైరింజను. మనవడి బొమ్మలు! శ్రీకాకుళం నుంచి వచ్చి హోటల్ మేనేజ్‌మెంట్ చేసిన కుర్రాడి పుస్తకంలో గరిటెలూ మూకుళ్ళూ. నా దాంట్లో పట్టీలూ సూదులూ. ఒకరి మాటలు ఒకరికి నేర్పుకునేవాళ్ళం. "అక్కా, నీ మాటలు వింటే జ్వరమొస్తుంది" అనేవాడు ఆ కుర్రాడు.

ఇక కంప్లయింట్లు. మొదటి రెండు నెలలు ఏమీ రావడంలేదనే అనిపిస్తుంది. మా బ్యాచిలో ఇద్దరు అప్పుడే మానేశారు, వాళ్ళని తప్పుపట్టను. తరిమేవాళ్ళు ఉంటే తప్ప చదవలేని వాళ్ళకి ఈ క్లాసు పనికిరాదు. పెట్టె తెరవకపోతే ఇక్కడ ఎవరూ తిట్టరు, క్యాలెండరులో గీత ఉండదంతే. రెండో కంప్లయింటు పెద్దది. వినడం మీద సరిపోయినంత పని జరగలేదు. మా మాటలన్నీ కంటికి తెలిసినవి, చెవికి తెలిసినవి కావు. కాగితం మీద చూస్తే చుట్టంలా పలకరించే మాట, ఎవరైనా గబగబా అంటే దొంగలా పక్కనుంచి వెళ్ళిపోయేది. ఫీజు వాయిదా రసీదు కోసం మూడుసార్లు అడగాల్సి వచ్చింది. బాత్రూమ్ రెండో అంతస్తు వాళ్ళతో ఉమ్మడి. బండి పెట్టుకోవడానికి చోటు లేదు.

వినడం గురించి నేను అన్నది ఊహ కాదు, మార్కుల సాక్ష్యం ఉంది. గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో హైదరాబాద్ వెళ్ళి బీ1 రాసొచ్చాను. నాలుగు భాగాలు, ఒక్కోదానిలో 60 రావాలి. చదవడం 83, మాట్లాడటం 76, రాయడం 71, వినడం 57. మూడు మార్కులతో పోయింది. అదృష్టం కొద్దీ ఏ భాగం పోతే ఆ భాగమే మళ్ళీ రాసుకోవచ్చు. చదివే పేపర్లో నాకు తెలియని మాటలు పదకొండు లెక్కపెట్టాను. కంగారు రాలేదు. ఏడింటికి పెన్సిలుతో ఊహ రాసుకున్నాను, మిగతా నాలుగింటిని వదిలేశాను. పాత క్లాసు నుంచి వచ్చినదాన్నే అయితే మొదటి తెలియని మాట దగ్గరే నాకు చెమటలు పట్టేవి.

మేడంకి మార్కులు చూపించి, వినడం గురించి ఉన్నదున్నట్టు చెప్పాను. నా మొహంలోకి కాసేపు చూసి, "నిజమే, అది నా తప్పు" అన్నారు. ఫీజు తీసుకున్న చోట ఈ మాట విని ఎన్నాళ్ళయిందో! కొత్త బ్యాచికి అంకీ ముక్క వెనక పలుకు కూడా రికార్డు చేసి పెట్టాలని రూలు పెట్టారు. నేను నా 1,300 ముక్కలకీ ఒక్కొక్కటే పెట్టుకుంటూ వస్తున్నాను. ఇప్పటికి 540 అయ్యాయి. రెండు నెలలుగా క్లాసుకి వెళ్ళడం లేదు, ఫీజు కట్టడం లేదు. మాటలు మాత్రం వారానికి పాతిక చొప్పున పెరుగుతున్నాయి.

నర్సులకి, ఉద్యోగం చేస్తూ నేర్చుకునేవాళ్ళకి ఐదుకి నాలుగు ఇస్తాను. ఇంటర్ అయిపోయి నేరుగా వచ్చిన పిల్లలకైతే మూడే, వాళ్ళకి ముందు ఎవరో ఒకరు వెంటపడాలి. కొత్త బ్యాచి వచ్చే నెల మొదటి వారంలో అనుకుంటున్నారు. ఒక పెన్సిలు, ఇంట్లో పాత శుభలేఖలు ఉంటే అవి పట్టుకెళ్ళండి. నిన్న మామ్మగారు ఫోన్ చేశారు, బీ1లోకి వెళ్ళారట. లిఫ్టు బాగుచేశారట కూడా. కాకపోతే రెండో అంతస్తు దాకానే వెళ్తోందట.